బావురుపిల్లి ఖరీదు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా బ్యాగులో లాప్‌టాప్‌తో పాటు ఒక బావురుపిల్లి కూడా ఉంది. కంగారు పడకండి, ఉన్నితో చేసింది. జానెడు పొడవు, బూడిదరంగు ఒళ్ళు, వరసల్లో నల్లమచ్చలు, పొట్టి తోక, "నా చేప ఎవరు తీశారు?" అన్నట్టు చూసే మొహం. నా చేతుల్తో నేనే చేశా. మూడు వారాంతాలు పట్టింది, గంటల్లో చెప్పాలంటే పదహారు. టైంషీట్లు నింపీ నింపీ అలవాటైపోయి దీనిక్కూడా గంటలు రాసుకున్నాను లెండి.

ఇంట్లో దానికి జరిగిన మర్యాద మీరు ఊహించుకోగలరు. నాన్న కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇంజనీరింగు చదివించింది ఇందుకా" అన్నారు. ఎదురింటాయన "ఆయ్, కుర్రాడికి సంబంధాలు చూడండి మరి" అని ఓ సలహా పడేసి వెళ్ళాడు. మా చిన్నాన్న కూతురు దాన్ని చంకలో పెట్టుకుని అరగంట తిరిగింది. నిజానికి ఆ అరగంటే నాకు మిగిలిన లాభం.

కానీ మా పిన్ని మాత్రం అలా చెయ్యలేదు. చేతిలోకి తీసుకుని ముందు తిరగేసి చూసింది. కడుపు కింద, కాళ్ళు ఒంటికి కలిసే చోట, తోక మొదట్లో గోటితో నొక్కి చూసింది. బొమ్మ మొహం ఆఖర్న చూసింది. కోడ్ రివ్యూ అలా చేసేవాళ్ళని మా టీములో ఇద్దర్నే చూశాను.

"ఎంతకమ్ముతావురా ఇది?"

"పద్దెనిమిది వందలు పిన్నీ."

"ఎన్ని గంటలు పట్టింది?"

చెప్పాను. కాసేపు లోపల్లోపలే లెక్కేసుకుంది. తర్వాత, అదే పదహారు గంటలు తను లేసు అల్లితే ఎంతొస్తుందో చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. రాస్తే తను ఎవరికి పని చేస్తోందో ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. నా బావురుపిల్లి తోక ఖరీదు కూడా కాదని మాత్రం చెప్తాను.

ఇదంతా ఆ అంకె గురించే. కానీ ముందు ఆ పిల్లి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు.

ఉన్ని బొమ్మలు చెయ్యడాన్ని నీడిల్ ఫెల్టింగ్ అంటారు. దారం ఉండదు, కుట్టు ఉండదు, జిగురు ఉండదు. దువ్విన ఉన్నిని చుట్టి, సూదితో వందలసార్లు, వేలసార్లు పొడవడమే. గొర్రె వెంట్రుకని సూక్ష్మదర్శినిలో చూస్తే దాని మీద చేప పొలుసుల్లాంటివి కనిపిస్తాయి. సూదేమో మామూలు సూది కాదు, మూడంచుల సూది, అంచుల మీద చిన్న చిన్న గాట్లుంటాయి. పొడిచినప్పుడల్లా ఆ గాట్లు కొన్ని పోగుల్ని లోపలికి లాక్కెళ్ళి వదిలేస్తాయి. పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుంటాయి, ఇక బయటికి రావు. పొడిచేకొద్దీ మెత్తటి ఉన్ని గట్టి ముద్దవుతుంది. అడుగు కట్టడానికి 36 నంబరు సూది, ఆకారం తేవడానికి 38, మొహానికి 40. సూదిని వంకరగా పొడిస్తే విరుగుతుంది, పరధ్యానంగా పొడిస్తే వేలు. ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టుకుని పొడిస్తే రెండూను.

ఈ సూదులు పుట్టింది బొమ్మల కోసం కాదు. కార్ఖానాల్లో యంత్రాలకి వేలకొద్దీ బిగించి, తివాచీల కింద వేసే ఫెల్టుని తయారుచేసే సూదులివి. 1980ల్లో అమెరికాలో వాటిల్లో ఒకటి చేత్తో పట్టుకుని బొమ్మలు చెయ్యొచ్చని కొందరికి తట్టింది, అక్కణ్ణుంచి ఈ కళ మొదలైంది.

అన్నట్టు, ఇది మన నేల కళ కాదు, కాలేదు కూడా. మన కోస్తాలో పెరిగే నెల్లూరు గొర్రెకి ఉన్నే ఉండదు, ఒట్టి జుట్టు గొర్రె. ఉన్ని కావాలంటే దక్కనీ గొర్రె దగ్గరికి, అంటే తెలంగాణ వైపు వెళ్ళాలి. అక్కడ కురుమలు నేసే గొంగడి మన తెలుగువాళ్ళ అసలైన ఉన్ని పని. నేశాక చింతగింజల గంజి పట్టించి ఆరబెడతారు, అందుకే అది వానకీ చలికీ గోడలా నిలబడుతుంది. నేను వాడేది మాత్రం లోపలికి బికనేర్ ముతక ఉన్ని, పైకి మెరీనో. మెరీనో సన్నం, చర్మం నునుపుగా వస్తుంది. ముతకది తొందరగా గట్టిపడుతుంది.

ఇంటి వెనక కొబ్బరి పీచు గుట్టలుగా ఉండగా బికనేర్ నుంచి ఉన్ని తెప్పించడమేమిటని నాకూ అనిపించింది. అంబాజీపేట రోడ్డు మీద వెళ్తే కొబ్బరి డొక్కల గుట్టలు చూసే ఉంటారు. ఓసారి ఇంటికెళ్ళినప్పుడు రెండు గుప్పిళ్ళ పీచు నానబెట్టి, దువ్వి, సూదితో మొదలెట్టాను. గంటసేపు పొడిచినా అది పీచు గుట్టగానే ఉంది. పొలుసుల్లేవు కదా, పట్టు దొరకదు. యంత్రాలైతే వేల సూదులతో ఒక్కసారిగా పొడిచి కొబ్బరి పీచుతో కూడా ఫెల్టు చేస్తాయి, నా ఒక్క సూదికి అంత సీను లేదు. ఉడుత చేద్దామనుకున్నది చివరికి గిన్నెలు తోముకునే పీచయింది. అమ్మ వాడింది కూడా.

బొమ్మ చేసేముందు కాగితం మీద గియ్యాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి మూడు గీతలు గియ్యాలి. ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగులో మనం తిట్టుకుంటూ వేసినవే. జీవితంలో ఒక్కసారైనా అది పనికొచ్చిందని మా లెక్చరర్‌కి చెప్పాలని ఉంది. ఆ మూడు గీతలూ అయ్యాక వాటిని పక్కన పెట్టేసి నాలుగోది గియ్యాలి, అందులో ఆ జంతువు ఏమనుకుంటోందో ఉండాలి. మన వైపు పిల్లలకి దీనికి వేరే బడి అక్కర్లేదు, బాపు బొమ్మలు చాలు. ఆయన పుట్టింది (1933లో) గోదావరికి అవతలి ఒడ్డున నర్సాపురంలోనే. ఎన్ని గీతలు గియ్యకూడదో ఆయన బొమ్మలు చూస్తే తెలుస్తుంది. బొమ్మ కళ్ళు ఒక్క మిల్లీమీటరు దగ్గరికి జరిగితే కోపం, దూరం జరిగితే అమాయకత్వం. ఆ మిల్లీమీటరు కోసం నేను ఒకే మొహాన్ని నాలుగుసార్లు పీకి మళ్ళీ పెట్టాను.

బావురుపిల్లే ఎందుకంటే, అది మన పక్కింటిది కాబట్టి. గౌతమి దాటితే కోరింగ మడ అడవులు, 1978 నుంచి అభయారణ్యం. అక్కడ ఉండే ఈ పిల్లి (నీటిపిల్లి అని కూడా అంటారు) నీళ్ళలోకి దూకి చేపలు పడుతుంది. వేళ్ళ మధ్య కొంత పొర ఉంటుంది. మన పిల్లల పుస్తకాల నిండా సింహాలు, జిరాఫీలు, పెంగ్విన్‌లు. మన పక్కనే ఉన్న జంతువు పేరు మనకే తెలీదు. మా ఇంట్లో దాన్ని చూసి "పులిపిల్లా?" అని అడిగినవాళ్ళు ఐదుగురు.

సరే, ఇప్పుడు పిన్ని సంగతి.

మా అమ్మా వాళ్ళది నర్సాపురం దగ్గరి పల్లె. అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడే లేసు సూది పట్టుకున్నారు. అమ్మ పెళ్ళయ్యాక వదిలేసింది. పిన్నిని సఖినేటిపల్లి రేవు దాటించి రాజోలు వైపు ఇచ్చారు, పని కూడా పంటు ఎక్కి తనతో వచ్చింది. ఆ ప్రాంతానికి లేసు వచ్చింది 19వ శతాబ్దంలో, మిషనరీల ద్వారా. అప్పట్నుంచి రెండు ఒడ్డుల్లోనూ ఇల్లిల్లూ పాకింది. బల్లగుడ్డలు, దిండు గలీబులు, దుప్పట్లు. అల్లినవాళ్ళెప్పుడూ చూడని ఇళ్ళల్లో, చూడని దేశాల్లో పరుస్తారు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ పల్లెలకి వచ్చి లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య పరిశోధన చేసింది. 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అని పుస్తకం వచ్చింది. ప్రపంచమంతా చదివే పుస్తకం, మన దగ్గర ఎంతమంది విన్నారో నాకు అనుమానమే. నాకైతే అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న ఫ్రెండు చెప్తే తెలిసింది, వాడికి పక్క డిపార్టుమెంటు అమ్మాయి చెప్పిందట. మా అమ్మమ్మ ఊరి గురించి నాకు అలా తెలిసింది.

అందులో ఆవిడ పట్టుకున్న విషయం ఒక్కటే చెప్తాను. వీళ్ళు రోజుకి గంటలు గంటలు ప్రపంచ మార్కెట్టు కోసం పని చేస్తున్నారు. కానీ వ్యాపారులూ, ఇంట్లో మగవాళ్ళూ, చివరికి తామూ కూడా వీళ్ళని పనివాళ్ళు అనుకోరు. "ఇంట్లో కూర్చునే ఆడవాళ్ళు, ఖాళీ టైంలో అల్లుకుంటారు" అంటారు. ఖాళీ టైంలో చేసేదానికి కూలి ఎందుకుంటుంది? ఏదో చిల్లర ఇస్తే చాలు. ఆ ఒక్క మాట మీదే మొత్తం వ్యాపారం నిలబడింది.

రెండోది పని పంపకం. పువ్వులు అల్లేది ఒకళ్ళు, అది చేతిపని. వాటిని కలిపేది ఇంకొకళ్ళు, అది అతుకుపని. దారం ఇచ్చేదీ, తీసుకెళ్ళేదీ ఏజెంటు. మా పిన్ని ముప్ఫయ్యేళ్ళలో కొన్ని వేల పువ్వులు అల్లి ఉంటుంది. ఒక్క పూర్తి దుప్పటి కూడా పరిచి చూడలేదు. మాడ్యూలు రాసేది ఒకళ్ళు, ఇంటిగ్రేషను ఇంకొకళ్ళు, క్లయింటు మొహం ఎవరూ చూడరు. ఎక్కడో విన్నట్టుంది కదూ? కాకపోతే మనకి ఏసీ, పీఎఫ్, అప్రైజలు ఉన్నాయి. మన గంటల్ని కంపెనీ ఎంతకి అమ్ముతుందో మనకి తెలీకపోయినా, అవి గంటలని అయినా ఒప్పుకుంటుంది. పిన్ని గంటలు గంటలే కాదు.

నా బాధ ఎక్కడంటే, ఆ "ఖాళీ టైం" అన్న మాట నేనూ వాడుతున్నాను. "ఖాళీ టైంలో ఉన్నితో జంతువులు చేస్తుంటాను" అని నా గురించి నేనే రాసుకున్నాను. నా విషయంలో ఆ మాటకి విలువ పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పైగా మగాడు, ఖాళీ టైంలో బొమ్మలు చేస్తాడట, ఎంత క్రియేటివో! అదే మాట పిన్నికి తగిలిస్తే విలువ పడిపోతుంది. పోనీ నా చెయ్యి తనకంటే నేర్పుగలదా అంటే, తను అల్లిన పువ్వు పక్కన నా పిల్లి కాలు పెట్టి చూడండి. నేను నేర్చుకుని నాలుగేళ్ళు. నా దగ్గరున్నవి మంచి కెమెరా, కొనేవాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడే నోరు, అమ్ముడుపోకపోయినా నెలాఖరుకి పడే జీతం. పద్దెనిమిది వందలు వచ్చింది వాటికి. ఉన్నికి కాదు.

ఇక్కడ నాలాంటి వారాంతపు కళాకారులతో నాకో పేచీ ఉంది. మనలో చాలామంది బొమ్మని సరుకు ఖర్చుకి అమ్మేస్తారు. "డబ్బు కోసం కాదండీ, సరదాకి" అంటారు. వినడానికి పెద్దమనసులా ఉంటుంది. పద్దెనిమిది గంటల పని మూడొందలకి ఇచ్చినవాడు తన గంటల్ని ఒక్కటే దానం చెయ్యట్లేదు. ఆ మూడొందలు చూసిన కొనుగోలుదారు రేపు దాంతోనే బతికే మనిషి దగ్గరికెళ్ళి అదే కొలబద్ద చూపిస్తాడు. దానం చెయ్యాలనుంటే ఊరికే ఇచ్చెయ్యండి, స్నేహితులకి, పిల్లలకి. ధర చీటీ పెట్టారా, గంటలు లెక్కెయ్యండి. మనకి ఆ డబ్బు అక్కర్లేకపోతే మరీ లెక్కెయ్యాలి.

"మార్కెట్టు అంత ఇవ్వదు బాస్" అంటారని తెలుసు. నిజమే, కొంతవరకు. ఖాట్మండులో ఆడవాళ్ళు న్యూజీలాండ్ ఉన్నితో చేసే ఫెల్టు ఏనుగులు, గుడ్లగూబలు అమెరికాలో క్రిస్మస్ చెట్లకి వేలాడతాయి, అవి చవకే. కానీ చవకగా దొరికేది ఎందుకు చవకో చూడాలి. క్రోషా సంగతి తీసుకోండి. స్వెట్టర్ అల్లిక యంత్రాలు ఎప్పుడో చేసేశాయి. క్రోషా మాత్రం అలా కాదు. ప్రయోగశాలల్లో నమూనా యంత్రాలు వచ్చాయి గానీ, బజారులో మీరు చూసే అసలైన క్రోషా ముక్క ఏదైనా ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. మాల్‌లో రెండొందలకి క్రోషా కుందేలు కనిపిస్తే, అది యంత్రం పుణ్యం అనుకోకండి. అక్కడ తక్కువ ధర పలికింది ఒక చెయ్యి.

2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే, నేనూ స్టేటస్ పెట్టుకున్నాను. పిన్నికి ఫోన్ చేసి చెప్తే "అయితే దారానికి రేటు పెంచుతారంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. 1999 నాటి ఆ చట్టం పేరుని కాపాడుతుంది. వేరే ఊళ్ళో అల్లినదాన్ని నర్సాపురం లేసని అమ్మకుండా ఆపుతుంది. అల్లినమ్మకి ఎంతివ్వాలో అందులో ఉండదు. ఊరికి పేరొచ్చింది, సంతోషం. మనిషి పేరు ఎక్కడ రాస్తారు మరి? ఏటికొప్పాక లక్కబొమ్మలకి 2017లోనే జీఐ వచ్చింది. అక్కడ ఓ పేరు కూడా బయటికొచ్చింది, సహజ రంగులు తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. లేసులో మనకి తెలిసిన ఒక్క అల్లిక మనిషి పేరు చెప్పండి చూద్దాం. జర్మనీ ఆవిడ పేరు చెప్పకండి.

ఇంత రాసినవాడు ఏం చేశాడని అడుగుతారు కదా. చెప్తాను, అందులో నా తప్పు కూడా ఉంది.

సంక్రాంతి మర్నాడు, కనుమ రోజు. జగ్గన్నతోట తీర్థానికి అందరూ వెళ్ళారు, పదకొండు ఊళ్ళ రుద్రుల్ని చూడ్డానికి. మోకాళ్ళ నొప్పులని పిన్ని ఆగిపోయింది, నేనూ ఆగిపోయాను. జపాన్ వాళ్ళు క్రోషాతో జంతువుల బొమ్మలు అల్లుతారని, అమిగురుమి అంటారని ఫోన్‌లో చూపించాను. అల్లిక అంతా గుండ్రంగా మరలా తిరుగుతూ పోతుంది, లోపల దూది కూరుతారు. "ఇదేనా?" అంది. అల్లిక నమూనా చదవడం రాదు, అవసరం కూడా పడలేదు. నేను గీసిన మూడు గీతలు చూసి, వేళ్ళతో కొలిచి, మొదలెట్టింది. నాకు పదహారు గంటలు పట్టిన పిల్లి సాయంత్రం తీర్థం వాళ్ళు ఖర్జూరం పొట్లాలతో తిరిగొచ్చేసరికి మంచమ్మీద కూర్చునుంది.

నా బొమ్మలో లేనివి రెండు పెట్టింది. నోట్లో ఒక చేప. తోక చివర లేసు అంచు. చేప సరేగానీ తోకకి లేసేమిటి పిన్నీ అంటే, "నేను చేశానని తెలియాలి కదరా" అంది.

సిటీకి తెచ్చి ఫోటో తీసి పెట్టాను. రెండు రోజుల్లో అమ్ముడైపోయింది, పద్దెనిమిది వందలకే. డబ్బు మొత్తం పిన్నికే పంపాను, అందులో నాకు ఘనత లేదు. కానీ ఫోటో కింద "డిజైన్ అండ్ మేడ్ బై" అని నా పేరే ఉంది. ఎప్పుడూ పెట్టే టెంప్లేటు, కాపీ పేస్టు. చూసింది పిన్ని కూతురు, పాలిటెక్నిక్ చదువుతోంది. ఫోన్ చేసి, "అన్నయ్యా, మా అమ్మ ఏజెంటు మారాడంతే కదా?" అంది.

సమాధానం చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎదురుగా నేను చేసిన పిల్లి చూస్తోంది, నా చేప ఎవరు తీశారు అన్నట్టు.

పేరు మార్చాను. ఇప్పుడు గీత నాది, అల్లిక ఆవిడది అని ఇద్దరి పేర్లూ ఉంటాయి. గీతకి ఎంత, అల్లికకి ఎంత అన్నది ఇంకా తేలలేదు. నేను పాతిక శాతం అన్నాను, మా చెల్లి పది అంటోంది. పిన్ని మాత్రం "వాడు మూడు గీతలు గీశాడు, మూడు గీతలకి ఏమిస్తారే?" అంటోంది. నవ్వుతూ అంటోంది గానీ నవ్వులాటకి కాదు. ఏజెంటు పని ఇంకా మానలేదు, నా మీద నమ్మకం పెట్టుకుని మానమని చెప్పే ధైర్యం నాకూ లేదు. నెలకి ఒకటో రెండో బొమ్మలు అమ్ముడైతే ఎవరి బతుకూ గడవదు.

ఈసారి తాబేలు అడిగారు ఎవరో. అంతర్వేది తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే గీసి పంపాను, మూడు గీతలూ. డిప్ప ఆకారం తప్పట, చిన్నప్పుడు ఇసకలో చూశానంటోంది. మళ్ళీ గియ్యమంది. ఈ ఆదివారం కూర్చోవాలి.